పచ్చ గుర్తు

అల్జీర్స్‌లోని మా పాతపేట కస్బాలో పాతికేళ్లుగా పాత కట్టడాలు చూపించడమే నా బతుకుతెరువు. వచ్చినవాళ్లకు రేవు దగ్గరి కెచావా మసీదు చూపించి, మెట్ల సందుల్లో పైకి నడిపించి, కోట గోడ దాకా తీసుకుపోయి, చివరికి మా ఇంటి డాబా ఎక్కించేవాణ్ణి. అక్కణ్ణుంచి ఓడలన్నీ కనిపిస్తాయి. మసీదులూ కోటలూ ఎవడైనా చూపిస్తాడు, మనుషులు కాపురముంటున్న నాలుగువందల ఏళ్ల ఇల్లు నేనే చూపించగలనని నాకు మహా గర్వం. ఆ గర్వమే మా కొంప ముంచింది.

ఆ ఇంట్లో నేనూ మా అక్క ఫఫా ఉండేవాళ్లం. అక్క భర్త పోయి పదేళ్లయింది, పిల్లల్లేరు. నాకు పెళ్లే కాలేదు. గోడల చెమ్మకి అక్క ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. చలికాలం వస్తే ఇల్లంతా ఆమె దగ్గే. ఇంకో చలికాలం ఆ ఇంట్లో గడిపితే మనిషి దక్కదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

ఇల్లు మారడానికి మాకు ఒకటే దారి. సర్కారు మనుషులు వచ్చి ఇళ్లు చూసి గుర్తులు వేస్తారు. ఎర్ర గుర్తు పడితే ఇల్లు ప్రమాదమని లెక్క, ఊరి బయట కొత్త ఫ్లాటు ఇస్తారు. పచ్చ గుర్తు పడితే ఉన్నచోటే ఉండాలి. అందుకే మా పేటలో తలుపు మీద ఎర్ర గుర్తు పడితే పెళ్లి కుదిరినంత సంబరం.

మా ఇంటికి ఎరుపు ఖాయమే. మెట్ల పక్క గోడలో చెయ్యి పట్టేంత పగులు ఉంది. కానీ ఏటా వసంతంలో నేను దాన్ని పూడ్చి సున్నం కొట్టేవాణ్ణి. ఆ ఏడూ కొట్టాను.

"వద్దంటే వినవు కదరా బువాలెం," అంది అక్క. "పైన పటారం, లోన లొటారం. వాళ్లొచ్చి ఏం చూస్తారు, నీ సున్నమా?"

"వాళ్లు రావడానికి ముందు గోకేస్తాలే అక్కా. ఈలోగా పగులు కనిపిస్తే వచ్చిపోయేవాళ్ల ముందు పరువు పోతుంది."

"పరువు కప్పుకుని పడుకో. వెచ్చగా ఉంటుందేమో చూద్దాం."

అక్టోబరులో ఒక మధ్యాహ్నం నలుగురు మా వాకిట్లో నిలబడి తలుపు చెక్కడం చూస్తున్నారు. ఒకతని మెడలో కెమెరా. నా కంటికి కెమెరా ఉన్నవాళ్లంతా ఊరు చూడొచ్చినవాళ్లే.

"ఈ ఇల్లు ఎవరిదండీ?" అన్నాడతను.

"మాదే. రండి, చూద్దురుగాని," అని గడప దగ్గర ఆగి, "దారి! దారి!" అని కేకేశాను. పరాయి మగవాళ్లతో ఇంట్లోకి వచ్చేవాడు అలా కేకెయ్యాలి, ఆడవాళ్లు పక్కకి తప్పుకుంటారు. అక్క ఎప్పట్లాగే కప్పు నుంచి కారే నీళ్లు పట్టే బేసిను మంచం కిందికి తోసి, పళ్లెంలో కాఫీ పెట్టి, లోపలి గదిలో పరదా వెనక్కి వెళ్లిపోయింది. దగ్గు వినపడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఉంటుంది. అతిథులున్నప్పుడు ఆమె అలవాటు అది.

నేను మొదలుపెట్టాను. దూలాలు చూపించాను. మా ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని ఎన్ని భూకంపాలకు నిలబడ్డాయో చెప్పాను. "ఇంకో నాలుగువందల ఏళ్లు ఢోకా లేదండీ," అన్నాను. అది నేను రోజూ చెప్పే మాటే.

వాళ్లలో ఒకావిడ కాగితాల కట్ట తెరిచి రాసుకోవడం మొదలుపెట్టింది. పై కాగితం మీద సర్కారు ముద్ర ఉంది. వాళ్లు గుర్తులు వేసేవాళ్లని అప్పుడు తెలిసింది.

ఆ క్షణాన వేలితో కాస్త సున్నం రాల్చినా సరిపోయేది. మంచం కింది బేసిను లాగినా సరిపోయేది. కానీ కెమెరా అతను దూలాల కేసి చూస్తూ, "ఎంత చక్కగా కాపాడుకున్నారండీ. ఇలాంటిది ఈ పేటలో ఇంకోటి చూడలేదు," అన్నాడు. మావాళ్లెవరూ నా ఇంటిని ఏనాడూ మెచ్చుకోలేదు. నేను సిగ్గు లేకుండా వాళ్లను డాబా మీదికి కూడా తీసుకుపోయాను.

వాళ్లు వెళ్లాక అక్క పరదా వెనకనుంచి వచ్చింది.

"ఏ దేశంవాళ్లురా?"

"మన ఊరివాళ్లే అక్కా."

నా మొహం చూసి వాకిట్లోకి వెళ్లింది. తలుపు మీద పచ్చ గుర్తు ఇంకా తడిగానే ఉంది.

"బేసిను నేనూ దాచానుగా," అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆఫీసుకు పోయి, నిన్న చెప్పినదంతా అబద్ధమన్నాను. గుమాస్తా నవ్వాడు.

"ఇల్లు కూలిపోతోందని పొద్దున్నుంచి అరవైమంది వచ్చారు పెద్దాయనా. కూలదని చెప్పినవాడివి నువ్వొక్కడివే. నీ మాట నమ్మక ఎవరి మాట నమ్మమంటావు? మళ్లీ చూడాలంటే వసంతం దాకా ఆగాలి."

ఆ సాయంత్రం కత్తి తీసుకుని సున్నమంతా గోకాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. డిసెంబరులో పక్కింటివాళ్లు ఎర్ర గుర్తుతో ఫ్లాటుకు వెళ్లిపోయారు. వాళ్ల ఇంటిని సర్కారు కూలగొట్టించింది. మా గోడకు ఆసరా పోయింది.

ఫిబ్రవరిలో అయిదు రోజులు వాన పడి, ఆరో రోజు ఎండ కాసింది. మా ఇళ్లు వానలో కూలవు, తడిసిన గోడ ఎండలో ఆరేటప్పుడు కూలతాయి. మా పేటలో ఇది తెలియనివాడు లేడు. ఆ రోజు మధ్యాహ్నం నేను మసీదు దగ్గర ఇద్దరికి స్తంభాలు చూపిస్తున్నాను. అక్క తడిబట్టలు ఆరెయ్యడానికి డాబా మెట్లెక్కుతోంది. మూడు గంటలు తవ్వాక దొరికింది. చేతిలో నా చొక్కా ఉంది.

ఒంటరి మగవాడికి ఫ్లాటు రాదన్నారు. ఎంతమందికి చెప్పుకున్నా లాభం లేకపోయింది. మా పేటలో దిక్కులేనివాళ్లలాగే నేనూ ఊరుమ్మడి స్నానాల ఇంటి చావడిలో పడుకుంటున్నాను. పగలు కట్టడాలు చూపిస్తున్నాను. నాకు ఇంకో పని రాదు.

మొన్న ఒకావిడ మా సందులో ఆగింది. రెండు ఇళ్ల మధ్య ఖాళీ, రాళ్ల గుట్ట, గోడకు అతుక్కుని మిగిలిన నాలుగు మెట్లు. వాటిని ఫోటో తీసుకుంది.

"ఇది ఏ శతాబ్దంలో కూలింది?" అని అడిగింది.

"మొన్న ఫిబ్రవరిలోనమ్మా," అన్నాను.

ఆవిడ తల ఊపి, కోట ఎటు అని అడిగింది. చూపించాను.