తడి పడుగు

గంజి పెట్టిన పడుగు ఇంకా సగం కూడా ఆరలేదు. నడిరోడ్డు మీద ముప్పై గజాల పొడవునా సాచి కట్టిన ఆ నూలును ఒక పక్క నుంచి బాలలక్ష్మి, రెండో పక్క నుంచి ఆమె మగడు మార్కండేయులు కుంచెలతో దువ్వుతూ నడుస్తున్నారు. పొద్దున ఐదింటి నుంచి ఇదే నడక. ఆరేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే పోగుకు పోగు అంటుకొని పదిహేను రోజుల నేత మట్టిపాలవుతుంది. రోజుకు ఏడు రూపాయల కూలి మీద బతికే ఇల్లు అది.

"ఎత్తుండ్రి! కలెక్టర్ సాబ్ పదింటికొస్తుండు" అంటూ ఎస్సై లాఠీతో పడుగును పొడిచాడు.

"తడి మీదున్నది సారూ. రెండు గంటలాగితే మేమే ఎత్తుకుంటం" అన్నాడు మార్కండేయులు.

"రేపటి సంది గీడ పడుగు కనబడొద్దు. ఇది పార్కు."

పార్కట! థూ! రోడ్డుకు రెండు చివర్లా ఇనుప గేట్లు, నాలుగు సిమెంటు బెంచీలు, నిన్న సాయంత్రం నాటితే ఇవాళ వాడిపోయిన క్రోటన్ మొక్కలు. పక్కనే కంపు కొట్టే మోరీ మీద ఒక్క బండ కూడా పరవలేదు. గేటుకు మాత్రం బోర్డు తగిలించారు: 'ప్రజా ఉద్యానవనం. లోపల నూలు ఆరబెట్టరాదు.'

ఇంకా రోత ఏమిటంటే, దీన్ని అడిగింది ఈ వాడవాళ్ళే. బస్సో, ముస్తాబాద్ లారీయో వచ్చినప్పుడల్లా తడి పడుగును గోడవారకు జరపాల్సి వచ్చేది. నిరుడు రెండు పడుగులు చక్రాల కింద తెగాయి. అప్పుడు లారీలు ఆపిస్తానంటూ మున్సిపల్ చైర్మన్ గోవర్ధనే దరఖాస్తు రాసి తెచ్చాడు. మనోడే కదా, మగ్గం నేసే సాలోళ్ళ బిడ్డే కదా అని అరవై ఇళ్ళవాళ్ళు చదివించుకోకుండానే వేలిముద్రలు వేశారు. కోరి కొరివితో తల గోక్కున్నారు. గోవర్ధన్‌కు ఇరవై మరమగ్గాలున్నాయి, వాడ మాటలో సాంచాలు. రోడ్డు మీద కుంచెలు ఆగిపోతే ఆ చేతులన్నీ ఎవరి గడపకు వస్తాయో అతనికి బాగా తెలుసు.

బంతిపూల దండ పట్టుకొని అతనే వచ్చాడు, ఒళ్ళంతా అత్తరు వాసన.

"వదినా! మీరడిగింది అయ్యింది గద. వాడ తరుపున నువ్వే కలెక్టర్‌కు దండెయ్యాలె."

"మేం లారీలు ఆపుమన్నం. రోడ్డు గుంజుకొమ్మన్నమా?" బాలలక్ష్మి కుంచె ఆపలేదు.

"ఏలుముద్రలు నా తాన్నే ఉన్నయి. గీ ఎండల ఎందుకు సచ్చుడు? నీడ పట్టున సాంచల పనికి రారాదుండ్రి."

"అమ్మ పెట్టది, అడుక్క తిననియ్యది. గిట్లనే ఉన్నది నీ యవ్వారం!"

ఎస్సై ముందుకొచ్చాడు. "ఎవలు నేర్పిన్రే గీ మాటలు? అన్నలు గిట్ట అచ్చిపోతున్నరా మీ ఇంటికి?"

ఆ రోజుల్లో మనిషిని మాయం చెయ్యడానికి నక్సలైట్లతో ముడిపెట్టే ఆ ఒక్క ప్రశ్న చాలు. మార్కండేయులు చెయ్యి నిలిచిపోయింది. అతను బిగుసుకుపోయిన చోట పోగులు అంటుకోవడం మొదలైంది.

ఎస్సై పడుగు చివరను కిందికి తొక్కి, దాని మీద బూటు పెట్టి నిలబడ్డాడు. గంజి చిమ్మింది. చిన్నప్పుడు ఇదే రోడ్డు మీద కుంచె పట్టిన గోవర్ధన్, మరక పడకుండా తన తెల్ల ధోవతిని పైకి పట్టుకున్నాడు. ఛీ, అంతే చేశాడు.

గేటు బయట జీపు హారన్ మోగింది.

"దండ పట్టు వదినా, జల్ది!"

"నా చేతులు ఖాళీ లెవ్వు. ఇది ఎండేదాంక ఎత్తం. అచ్చినోళ్ళను ఆగుమను" అంది బాలలక్ష్మి. మగడి వైపు తిరిగింది. "నువ్వేంది, సూస్తున్నవ్? దువ్వు."

మార్కండేయులు కుంచెను గంజిలో ముంచాడు. అంటుకున్న పోగులు విడదీస్తూ, దువ్వుకుంటూ, ఎస్సై నిలబడ్డ చోటి దాకా వచ్చాడు.

"కాలు తియ్యి సారూ" అన్నాడు.