చీర చాటున పదిసార్లు

నేను ఒక మైకుసెట్టు యాంప్లిఫైరుని. పాతకాలం దాన్ని. నా కడుపులో గాజు వాల్వులుంటయ్యి. అవి ఎర్రగా కాగిందాకా నాకు నోరు పెగలదు. అందుకని ఏం చెప్పినా నిమ్మళంగానే చెపుతా. మీరే ఓపిక పట్టాలి.

మద్రాసులో ఎవరో సన్నటి వేళ్ళాయన టంకం పెట్టి నన్ను చేశాడు. కొన్నాళ్ళు టూరింగ్ టాకీసులో అరిచా. వాళ్ళు డేరా పీకేశాక రేపల్లె మస్తానయ్య నన్ను సైకిలుకి కట్టుకొని ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళయినా, చావయినా ఇంక నేనే. "మిగతావి అరుస్తయ్యి. ఇది మాట్టాడుద్ది" అని ఊరంతా చెప్పేవోడు. ఊరు కూడా అవునంది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మా. పొగిడితే ఇనప్పెట్టయినా ఉబ్బుద్ది గదా.

ఇట్టా ఉండగా ఆయన బామ్మర్ది పోలయ్య ట్రాన్సిస్టర్ల యాంప్లిఫైరు కొత్తది కొన్నాడు. ఒంటిచేత్తో ఎత్తొచ్చు. ఈసారి నవమి పందిరి పోలయ్యకిద్దామన్నారు పెద్దలు. మస్తానయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"రెండూ చాటున పెట్టండి. పదిసార్లు మార్చండి. ఒక్కటి తప్పు చెప్పినా ఈ జన్మలో మళ్ళీ మైకు కట్టను."

"ఎందుకు బావా ఈ పంతం? నాకే తెలవదు, నీకేం తేడా తెలుసుద్ది?"

"నీకు చెవులుంటే గదరా తెలిసేది!"

పందిట్లో నాంచారమ్మ చీర ఒకటి అడ్డం కట్టారు. నాంచారమ్మంటే మస్తానయ్య పెళ్ళాం, పోలయ్యకి అక్క. ఇద్దరికీ కావాల్సిన మనిషని హారను తీగ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే పని ఆమెకే ఇచ్చారు. నా బరువు ఎత్తలేక నన్ను నేలమీదే ఉంచారు. కొత్తదాన్ని ఎత్తు స్టూలెక్కించారు. పోలయ్య రెండిటి చప్పుడూ సమానం చేశాడు. ఒకటే రికార్డు, ఒకటే హారను. ఆమె తీగ పీకేది, పాట ఆగేది, గాజులు కదిలేవి, మళ్ళీ పాట అందుకునేది.

చాటున నేనూ విన్నా. ఏం తేడా లేదయ్యా. ఆ కుర్రదానిదీ నాదీ ఒకటే గొంతు. మస్తానయ్య పనయిపోయిందనుకున్నా.

పదికి పదీ చెప్పాడు! కళ్ళు మూసుకొని, పాట అందుకుందో లేదో "ఇది నాది", "ఇది కాదు" అని. జనం ఈలలేశారు. పోలయ్య దండం పెట్టాడు.

ఆ ముచ్చట చెప్పుకుంటానే ఇరవయ్యేళ్ళు గడిపాడు. ఊళ్ళోకి ఎన్ని కొత్తవొచ్చినా నన్నొదల్లా.

పోయినేడు నాంచారమ్మ పోయింది. ముత్తయిదువు చావు. చేతులనిండా గాజులతో సాగనంపారు. దినాలయినాక మస్తానయ్య బామ్మర్దిని పిలిచాడు.

"ఒరే పోలయ్యా, మీ అక్క చీర కట్టరా. ఆ పందెం ఇంకొక్కసారి ఆడదాం."

"ఇప్పుడెందుకు బావా అయ్యన్నీ?"

"నావోళ్ళల్లో ఇదొక్కటే మిగిలింది. దీని గొంతన్నా గుర్తుపడతాన్రా."

పోలయ్య తన దాన్ని తెచ్చి స్టూలెక్కించి తీగ మార్చాడు. మొదటిది మస్తానయ్య తప్పు చెప్పాడు. రెండోదీ తప్పే. మూడోసారి పాట అందుకోగానే కళ్ళు తెరిచి చీరకేసి వంగాడు.

"ఒరే, గాజులేవిరా?" అన్నాడు.

"ఏం గాజులు బావా?"

పోలయ్యకి అర్థం గాలా. నాకప్పుడు అర్థమైంది. నాకు తీగ పెట్టాలంటే ఆమె వంగాలి. వంగితే గాజులన్నీ గలగలా మణికట్టుకి జారేవి. స్టూలు మీద దానికి చెయ్యెత్తితే మోచేతికేసి పోయి మెత్తగా ఊరుకునేవి. అన్నేళ్ళు కాపురం చేసిన చెవికి ఆ మాత్రం చాలు. తను ఏం వింటన్నాడో ఆయనకే తెలవదు.

"నేను విన్నది దీన్ని కాదురా," అని మస్తానయ్య ఆ చీర కుచ్చెళ్ళలో మొహం పెట్టుకున్నాడు.

మర్నాడు ఆయనే నన్ను సైకిలుకి కట్టి తీసుకొచ్చి పాత సామాన్ల కొట్లో దింపాడు. కోపమేం కాదు. పోతా పోతా చొక్కా అంచుతో నా మీద దుమ్ము తుడిచిపోయాడు.

ఇక్కడ నాకు కరెంటు లేదు. పాతగిన్నెలు అమ్మటానికి ఆడోళ్ళు వచ్చి నా పక్కన వంగి కింద పెడతారు. గాజులు గలగలా జారతయ్యి. తీగ పెడతన్నారేమో అని ఒక్క క్షణం నోరు తెరవబోతా.