పుల్లమ్మకు నోరు తిరగని మనవరాలు

సుకన్యకు తల్లి లేదు. అందుకని పురుడు నాదెండ్లలో అత్తగారింట్లోనే జరిగింది. పథ్యం వండినా, పిల్లకు నలుగు పెట్టి నీళ్లు పోసినా అంతా అత్త పుల్లమ్మే. కోడలికి ఆవిడ చేతుల మీద ఎంత నమ్మకమో, నోరంటే అంత భయం.

ఆ భయం బారసాల నాడు నిజమైంది. సుకన్య ఏడో నెల నుంచీ ఫోన్లో వెతికి, చుట్టుపక్కల ఎవరికీ లేని పేరు ఏరిపెట్టుకుంది: త్విష. భర్త రాజేష్ పళ్లెంలో బియ్యం మీద ఆ పేరు రాశాడు. నాయనమ్మ పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పాలన్నాడు పురోహితుడు. పుల్లమ్మ వంగి, బంధువులంతా వినేట్టు, "తుస్సా, తుస్సా, తుస్సా" అంది.

వెనక వరసలో ఎవరో తడిసిన టపాకాయ గురించి ఏదో అన్నారు. నవ్వులు వంటల పందిరి దాకా పాకాయి. రాజేష్ తల్లి చెవిలో పేరు మళ్లీ చెబితే ఆవిడ ఇంకా గట్టిగా అడిగింది.

"విషమా? బంగారం లాంటి పిల్లకి విషం అని పేరేందిరా?"

త్విష అంటే వెలుగని పురోహితుడు సర్దబోయాడు. వెలుగైతే కాంతమ్మ అని పెట్టరాదా, నోటికి సుఖంగా ఉంటుంది అంది పుల్లమ్మ. సుకన్య పిల్లనెత్తుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి నీళ్లు పోసేటప్పుడు తప్ప పిల్లను అత్త చేతికి ఇవ్వలేదు.

పుల్లమ్మ నోరు దురుసు గానీ మనసు రాయి కాదు. నాలుగు రోజులు ఓపిక పట్టి, పక్కింట్లో మోటారు సైకిళ్లు బాగుచేసే మౌలాలీ దగ్గరికి వెళ్లింది. అతని మనవరాలు ఇష్రత్‌ను ఊరంతా ఇసరత్తు అంటుంటే, ఒక్కొక్కరినీ నిలబెట్టి దిద్దిన మనిషి అతను. ఒక్కరూ బాగుపడలేదు, అది వేరే సంగతి.

"నాలిక పళ్లకానించి 'త్' అని ఆపు అక్కా. ఆపి, 'వి' అను. ఊదమాకు. ఊదితే తుస్సంటది."

పుల్లమ్మ ఊదింది. మౌలాలీ మొహం తుడుచుకున్నాడు. ఆవిడకు ముందు పళ్లు రెండు ఊడి ఏడాదైంది, నాలిక ఆనించడానికి చోటు లేదు. అయితే చిగుళ్లకే ఆనించమన్నాడు.

మిరపకాయల తొడిమలు తీస్తూ, పాలు పితుకుతూ పుల్లమ్మ సాధన చేసింది. డొక్క పక్కన బుస్సుబుస్సుమంటుంటే గేదె రెండు రోజులు పాలు చేపలేదు, మూడో రోజు తన్నింది. మూడు వారాలకు పదిసార్లలో ఆరుసార్లు త్విష పలికింది. మిగతా నాలుగింటికీ తన పూచీ లేదన్నాడు మౌలాలీ. ఇంట్లో మాత్రం పుల్లమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర టీకాకు అందరూ నరసరావుపేటలోని పిల్లల ఆసుపత్రికి వెళ్లారు. నర్సు ఆరోగ్యమ్మ తలుపులోంచి తల బయటపెట్టి "ట్విషా" అని పిలిచింది. సుకన్య లేచింది. గురజాల నుంచి వచ్చిన ఒకామె లేచింది. గోడవారన ఇంకొకామె లేచింది. టీ కొట్టు దగ్గర్నుంచి ఒకాయన పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ట్విషా అని ఒకరు, తివిషా అని ఒకరు, త్వీష అని ఒకరు, ఎవరి పిల్ల పేరు వాళ్లకే సరైనదని వాదులాడుకున్నారు. ఈ వారంలో ఇది తొమ్మిదో త్విష అని ఆరోగ్యమ్మ విసుక్కుని, ఇంటిపేర్లు చెప్పమంది.

సూది పడి పిల్ల ఏడ్చింది. సుకన్యదీ ఇంచుమించు అదే పరిస్థితి. పుట్టిన సర్టిఫికెట్లో పేరు ఇంకా రాయించలేదు కదా, పేరు మార్చేద్దామంటూ బల్ల మీద కూర్చుని మళ్లీ ఫోన్ తెరిచింది. రాజేష్ సరేనన్నాడు. పుల్లమ్మ మాత్రం అడ్డం పడింది.

"ఆ ఫోన్ లోపల పెట్టమ్మా. పళ్లు లేకపోయినా చచ్చీచెడీ నేర్చుకున్నా. గేదెతో తన్నించుకున్నా. ఇంకో పేరు పెట్టావంటే నేను నేర్చుకోను."

"నేర్చుకున్నారా? ఏదీ, అనండి అత్తయ్యా."

పుల్లమ్మ కాసేపు దవడలు సర్దుకుంది. "త్విష" అంది. ఆ వరండాలో అంత శుభ్రంగా అన్నవాళ్లు లేరు. గురజాల ఆమె ఇంకోసారి అనమని అడిగింది కూడా. సుకన్య నవ్వాపుకోలేక, పిల్లను అత్త ఒళ్లో పెట్టి మందులు తేవడానికి లేచింది.

మర్నాడే రాజేష్ పంచాయతీ ఆఫీసులో పిల్ల పేరు రాసిచ్చి వచ్చాడు. అతని చేతిరాత పుణ్యమా అని సర్టిఫికెట్లో త్రిష అని పడింది. దాన్ని దిద్దించడానికి పుల్లమ్మే బయల్దేరింది.