విజయదశమినాఁటి యెదురుదాడి

వర్షర్తువు వెడలి శరత్తు ప్రవేశింపఁగా నిర్మలనీలమైన యాకాశమునందు శ్వేతమేఘశకలములు పనిలేని పెద్దమనుష్యులవలె మెల్లమెల్లగ సంచరించుచుండెను. సాగరతీరాలంకారమైన వేలానగరమను రేవుపట్టణమున వీథివీథిని బంతిపూలదండలును మామిడితోరణములును వ్రేలాడుచుండ మంగళవాద్యఘోషము నౌకల కూఁతలతో కలసి దిక్కులు నిండించుచుండెను. విజయదశమీ మహోత్సవదినమున అపరాహ్ణవేళ పిండివంటలతో కడుపునిండ భుజించిన పౌరజనము నిద్రకుఁ బోవుటయా దేవీదర్శనమునకుఁ బోవుటయా యని తేల్చుకొనలేక యరుగులపైఁ గూర్చుండియుండెను.

ఆ యానందము చొరని చోటు పట్టణమున నొక్కటి కలదు. అది తంత్రరక్షణభవనము. రేవులోని దీపములును బరువులెత్తు యంత్రములును విషవాయుభాండారమును చల్లగ నుంచు శీతలయంత్రములును కంప్యూటరుల యాజ్ఞకు లోఁబడి నడచుచుండుటచే, ఆ కంప్యూటరులను పగవారి బారినుండి కాచుటయే యచ్చటి యుద్యోగుల పని. పూర్వకాలమున శత్రువు దండెత్తివచ్చినయెడల ధూళి లేచెడిది, భేరి మ్రోఁగెడిది, బురుజుపై నిలిచినవాఁడు వేలెత్తి చూపి వీఁడే పగవాఁడని చెప్పఁగలిగెడివాఁడు. నేఁటి శత్రువు తీఁగెలవెంట వచ్చును. ఒకరి యింటి కంప్యూటరులో దూఱి మఱియొకరి ముఖము తగిలించుకొని కొట్టును. దీనిని ప్రాజ్ఞులు సైబరు యుద్ధమని గంభీరముగఁ బిలుతురు గాని నాకుఁ జూడఁగా నిది గంతలు కట్టుకొని యాడు దాగుడుమూతలే; ప్రాణములు పోవుట యొక్కటే భేదము.

ఆ మధ్యాహ్నము భవనములోని పెద్ద తెర యకస్మాత్తుగ నెఱ్ఱవాఱెను. శీతలయంత్రము లొక్కొక్కటిగ నాఁగిపోవుచున్నవనియు నాఁగుమని యాజ్ఞాపించుచున్నవారు ముక్తాద్వీపమువారనియు అక్షరములు తెలిపెను. ముక్తాద్వీపము జలసంధికి ఆవలి దేశము. చేపల వేటకై యా రెండు దేశములకును చిరకాలముగఁ బొసఁగకుండెను. రక్షణాధిపతియైన దాట్ల నరసింహవర్మ పిడికిలి బిగించి, న్యాయసలహాదారిణియైన గరిమెళ్ళ వారిజాక్షివైపు తిరిగెను. ఆమె సమ్మతి లేక ప్రత్యస్త్రమును విడువఁగూడదని యీ దేశపు శాసనము.

“అమ్మా! ఆలోచించుటకు వ్యవధి లేదు. చల్లఁదనము తప్పి యా విషవాయువు వెలికి వచ్చెనేని రేవువాడలో నొక్క ప్రాణి మిగులదు. మీరు సరే యనుఁడు. ముక్తాద్వీపపు విద్యుత్తంతయు నీ క్షణమే నిలిపివైచెదను. వారి దాడి దానితోనే యాఁగును.”

“వర్మగారూ, కొట్టినది వారే యని మీరు ప్రమాణముచేసి చెప్పఁగలరా?”

“తెరపై వారి చిరునామా కనఁబడుచునే యున్నది గదా!”

“పరుల చిరునామా నెవ్వరైనను తగిలించుకొనవచ్చునని నాకు నేర్పినవారు మీరే. ఆత్మరక్షణకై కొట్టుట ధర్మమే. కొట్టినవాని విడిచి ప్రక్కవానిని కొట్టుట ధర్మము కాదు. ఆ దీవిలోని యాసుపత్రులును ఆ విద్యుత్తుతోనే నడచుచున్నవి.”

“నా కూఁతురు రేవువాడలోనే కాపురమున్నదమ్మా” అని వర్మ పలికెను. ఆ కంఠమునం దధికారము లేదు.

వారిజాక్షి రెండువైపులను తూఁచి చూచెను. వల దనినచో ఈ గట్టున ప్రాణములు పోవచ్చును. సరే యనినచో ఆ గట్టున పోవచ్చును. ఆమె “ఆ యంత్రములను కంటితో చూచినవా రెవ్వరైనఁ గలరా?” యని యడిగెను. అందఱును చూచినది తెరను మాత్రమే. తక్షణమే యామె భాండారమునకు ఫోను చేయఁగా కాపరి నవ్వి, “మిషన్లు శుభ్రంగా తిరుగుతున్నాయమ్మా. లోపలికెళ్తే చలికి వణుకొస్తోంది. పండగపూట ఈ అనుమానమేంటి?” అనెను.

“ఐనచో మన తెరను గ్రుడ్డిది చేసిరన్నమాట. అసలు దెబ్బ యిఁక ముందున్నది. ఇప్పుడైన సరే యనుఁడు!” అని వర్మ తొందరపెట్టెను. ఆ మాటలోను న్యాయము లేకపోలేదు. వారిజాక్షి నోరు తెఱవఁబోవునంతలో, యంత్రశాస్త్రవిశారదుఁడును ఆ శాఖకుఁ బెద్దయు నైన బొడ్డపాటి సోమసుందరము తెరవంకనే చూచుచు పాలిపోయిన ముఖముతో లేచి నిలిచెను.

“ఆఁగుఁడు. ఈ దాడి వరుస నే నెఱుఁగుదును. దీనిని వ్రాసినవాఁడను నేనే.”

పండుగ వెళ్లినపిదప సిబ్బందికి తరిఫీదు నిచ్చుటకై యతఁ డొక యుత్తుత్తి యుద్ధమును రచించి, ముక్తాద్వీపపు చిరునామా తగిలించి, వేఱొక కంప్యూటరులో భద్రపఱచి యుంచెను. మొన్నటివఱకు దాని కేబులు దేనితోను సంబంధము లేక యుండెను. నిన్న మహానవమినాఁడు ఆయుధపూజకై భవనములోని యంత్రములన్నిటి కేబులులను ఊడఁదీసి, తుడిచి, పసుపుకుంకుమలు పెట్టి, దండలు వేసి కొలిచిరి. నేఁడు ఉద్వాసన చెప్పి, భోజనమునకు వేళ మించుచున్నదని గబగబ మరల తగిలించి, యన్నిటి నొక్కుమ్మడి మేల్కొల్పిరి. అతఁడు తడబడుచు గదిలోనికిఁ బోయి చూడఁగా అనుకొన్నంతయు నయ్యెను; ఆ యుత్తుత్తి యుద్ధపు కంప్యూటరు కేబులు పెద్ద తెరకు తగిలింపఁబడియుండెను. ఏ కేబులు ఎక్కడిదో తెలుపు అంకెపై గంధము దట్టముగ మెత్తి, దానిపై రూపాయంత కుంకుమబొట్టు పెట్టఁబడియుండెను. పెట్టినది పెద్దఱికముచేత పూజ నడపిన సోమసుందరమే. ఆ కేబులు ఊడఁదీయఁగానే తెర పచ్చనయ్యెను.

పిదప నెవ్వరో పకాలున నవ్విరి. ఆ నవ్వు అందఱికిని అంటుకొనెను. వారిజాక్షి కుర్చీలోఁ గూలఁబడి కన్నీరు తుడుచుకొనుచు నవ్వెను. వర్మ గ్లాసెడు నీళ్లు గటగట త్రాగి కూఁతునకు ఫోను చేసెను గాని యేమి చెప్పవలయునో తోఁచక, “ఏం వండావే అమ్మా?” అని యడిగెను.

“బూరెలు నాన్నా! ఏం, పంపమంటావా?”

“పంపు తల్లీ, పంపు” అనుచు నాతఁడు ముఖము గోడవైపు త్రిప్పుకొనెను. ఎంత ప్రాణము లేచివచ్చెనో ఆ వీఁపు చూచినవారి కందఱికిని తెలిసెను.

సోమసుందరము ఉద్యోగము పోవుట నిశ్చయమని తలవంచి నిలిచియుండఁగా వర్మ దగ్గఱకుఁ బోయి భుజముపైఁ జేయివైచెను. “మీరు నోరు మూసికొనియుండినచో నేను యుద్ధము తెచ్చిపెట్టియుందును. విచారణ జరుగును, తప్పదు. అందు ఈ మాటయుఁ జెప్పెదను. వచ్చు నవమికిని పూజ మానవలదు. బొట్టు మాత్రము అంకెలపైఁ బెట్టవలదు.”

సాయంకాలమున వారు మువ్వురును మేడపైకి వచ్చిరి. సూర్యుఁ డస్తమించుచుండ జలసంధికి ఆవల ముక్తాద్వీపము నల్లని గీఁతవలెఁ గనఁబడుచుండెను. శత్రువును కొట్టుటకు బలము చాలును, శత్రు వెవ్వఁడో తెలిసికొనుటకు ఓర్పు కావలయును. ఆ యోర్పే యీ యుద్ధమున నన్నిటికంటెఁ గఱవైన యాయుధము. ఇంతలో ఆ గీఁతపై నొక దీపము వెలిఁగెను. దాని ప్రక్కన మఱియొకటి, పిదప వీథులకు వీథులు వెలిఁగెను. అచ్చట నెవ్వరో బిడ్డకు అన్నము పెట్టుచుందురు, ఎవ్వరో ఆసుపత్రి మంచముపై ఊపిరి పీల్చుచుందురు. వారిలో నొక్కరికిని ఆ మధ్యాహ్నము తమపైకి చీఁకటి యెంత దగ్గఱగ వచ్చి తిరిగిపోయెనో తెలియదు.