టీ చెంచాతో వాయించిన పాట

చొక్కాకి ఇన్ని కుచ్చులు పెట్టినవాడెవడో గానీ వాడు జన్మలో ఇస్త్రీపెట్టె పట్టి ఉండడు. ఒక వరస సాపు చేస్తే పక్క వరస నలుగుతుంది. బెరిల్ పొద్దున్న తొమ్మిదింటి నుంచీ దాంతోనే కుస్తీ పడుతోంది. సాయంత్రం ఆ చొక్కా టీవీలో కనబడాలి. అందులో ఆమె మొగుడు డెస్మండ్ కూడా కనబడతాడు.

"అయిందా? కారొచ్చేస్తుంది," స్నానాలగదిలోంచి కేకేశాడు డెస్మండ్. "నువ్వూ తెములు. ఆ నల్లగౌను వేసుకో. తెర వెనకాల నలుపైతేనే కనబడవు."

నల్లగౌను కుర్చీ మీదే ఉంది. బెరిల్ దానివంక చూసి మళ్ళీ కుచ్చుల్లో పడింది.

డెస్మండ్ వాళ్ళ బృందం 'టిన్ ఆర్చర్డ్' మొదటి రికార్డు వచ్చి ఆరు వారాలైంది. పంతొమ్మిదివందల అరవై ఏడు వేసవంతా లండన్‌లో ఏ కిటికీ తెరిచినా అదే. మెలకువలో కలగన్నట్టుండే ఇలాంటి సంగీతం పుట్టి ఎరగమని పత్రికలవాళ్ళు ఒకటే పొగడ్త. మరీ ముఖ్యంగా ఆఖరి పాటలో, మనిషిదో పిట్టదో యంత్రానిదో తెలియకుండా సాగి సాగి పైకి లేచే ఆ ధ్వని. అది బెరిల్ గొంతు.

మార్చిలో స్టూడియోలో ఆమె పని టీలు కాయడం, రొట్టెలు కొయ్యడం, ఊడిన గుండీలు కుట్టడం. వాళ్ళు వేసుకున్న మఖమల్ కోట్లు కూడా అత్తగారి పాత పరదాలు కత్తిరించి ఆమె కుట్టినవే. ఆ మధ్యాహ్నం డెస్మండ్ ఏదో మత్తుబిళ్ళ మింగి, నేల ఊపిరి తీస్తోందంటూ సోఫా వెనక ముడుచుకుని ఏడుస్తున్నాడు. రికార్డింగు చూసే హ్యాలం గారికి విసుగొచ్చింది. "బెరిల్, అమ్మాయ్, ఆ ఆఖరి పాట వరస నీకొచ్చుగా? వాయించేవాళ్ళకి దారి తెలియాలి, కాస్త కూనిరాగం తియ్యి. తర్వాత చెరిపేస్తాలే," అన్నాడు. ఆమె తడిచేతులు తుడుచుకుని మైకు ముందు నిలబడింది. కూనిరాగమే తీద్దామనుకుంది. పెళ్ళికి ముందు చర్చిలో పాడిన గొంతు, నాలుగేళ్ళుగా 'మెల్లగా, నేను రాసుకుంటున్నా' అనిపించుకున్న గొంతు, ఆమెని అడక్కుండానే లేచింది. పాట అయిపోయింది. ఆమెకి ఎందుకో సిగ్గేసి, వెళ్ళి కప్పులు కడుక్కుంది.

చెరపడం మర్చిపోయారు. ఆ టేపు మీద విడివిడిగా ధ్వని పట్టే వరసలు నాలుగే. నాలుగూ నిండితే అన్నిటినీ కలిపి ఒక్కదాంట్లోకి దించి, మిగతావి ఖాళీ చేసుకోవాలి. అలా దించినప్పుడు ఆమె గొంతూ కలిసిపోయింది. తీసెయ్యమని డెస్మండ్ పట్టుబడితే, "పాలు కలిపిన టీలోంచి పాలు తియ్యమంటే ఎలాగయ్యా," అన్నాడు హ్యాలం. డెస్మండ్ రెండ్రోజులు అలిగాడు.

తర్వాత ఒక పత్రికవాడు ఇంటికొచ్చి ఆ ధ్వని ఏమిటని అడిగాడు. "గిటారు తీగల్ని టీ చెంచాతో గీశాను," అన్నాడు డెస్మండ్, ఆమె ఇచ్చిన టీ కలుపుకుంటూ. వాడు బెరిల్ వైపు తిరిగి "నిజమేనా మేడమ్?" అన్నాడు. ఆమె తలూపింది. ఛీ, ఎందుకూపానా అని ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఇంగ్లండంతా కుర్రాళ్ళు గిటార్లని చెంచాలతో గీకుతున్నారిప్పుడు. రికార్డు అట్ట వెనక అందరి పేర్లూ ఉన్నాయి. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, 'టీ: బెరిల్'. ఆ మాటే అత్తగారితో అంటే, "మొగుడి పేరు నిలబడితే నీది నిలబడ్డట్టే కదమ్మా," అందావిడ.

ఇంతలో ఈ టీవీ పిలుపు వచ్చిపడింది. రికార్డు పెట్టి పెదాలు కదిపితే వాద్యగాళ్ళ సంఘం ఒప్పుకోదట, అక్కడికక్కడ వాయించాల్సిందేనట. "ఆ ఒక్క చోట నువ్వు తెర వెనక నిలబడి పాడితే చాలు," అన్నాడు డెస్మండ్ పోయిన వారం.

"నా పేరు చెబుతారా?"

"పెళ్ళాం పేరా? జనం నవ్వరూ? అయినా మన మధ్య నీదీ నాదీ ఏమిటి బెరిల్?"

వారం రోజులు గిన్నెలు కడుగుతూ, పక్కలు దులుపుతూ ఆమె ఆ మాటనే నమిలింది. నీదీ నాదీ లేనప్పుడు ఇస్త్రీ ఒక్కటీ ఎప్పుడూ నాదే ఎందుకైంది? పాట ఒక్కటీ ఎప్పుడూ నీదే ఎందుకైంది? వెళ్ళకపోతే అతను పదిమందిలో నవ్వులపాలవుతాడు. వెళ్తే, ఇక జీవితాంతం ఆ తెర వెనకే.

వీధిలో కారు హారను మోగింది. డెస్మండ్ వచ్చి చొక్కా తొడుక్కుని అద్దంలో మురిశాడు. కుచ్చులు ఒక్కటీ నలగలేదు. అప్పుడు చూశాడు ఆమె ఇంకా ఇంటిగౌనులోనే ఉండటం.

"ఇదేంటి, తెమల్లేదేం?"

"నేను రావడం లేదు డెస్."

"వేళాకోళాలొద్దు!" అని ఆమె మొహంలోకి చూసి, అతను పాలిపోయాడు. "ఆ చోటొస్తే నేనేం చెయ్యను? దేశమంతా చూస్తుందే!"

ఆమెకి జాలేసింది, నిజంగానే వేసింది. వంటింట్లోకి వెళ్ళి సొరుగు లాగింది. వెతికి తీసినదాన్ని ఇంటిగౌనుకే శుభ్రంగా తుడిచి, తెచ్చి అతని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"చెంచా మర్చిపోయి వెళ్తున్నావు."