మూడు రోజుల గొంతు

నేను ఒక కొయ్యగంటను. గంట అన్నాను కదా అని ఇత్తడి మెరుపూ, గోపురమెక్కి కూర్చున్న దర్జా ఊహించుకోకండి. జానెడు వెడల్పు చెక్క, దానికొక పిడి, రెండు వైపులా ఊగే చెక్క సుత్తులు. అంతే నా ఒళ్లు. పిడి పట్టుకుని ఊపితే టకటకమంటాను. "ఇదేం గంట, కోళ్లను అదిలించే చెక్క" అని ముక్కు విరిచినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లే ప్రభువు ప్రాణం విడిచిన పవిత్ర శుక్రవారం నాడు నా చప్పుడు వినగానే చెప్పులు విడిచి మోకాళ్ల మీద పడతారు. కాబట్టి నా విలువ గురించి నాకెప్పుడూ అనుమానం రాలేదు.

నన్ను చేసినవాడు జోజప్ప అనే వడ్రంగి. పల్నాటి మెట్టలో ఉన్న మా ఊరి గుడికి తలుపులు చేస్తూ, మిగిలిన నల్లతుమ్మ చేవలోంచి నన్ను తీశాడు. కతోలికుల గుళ్లో ఒక ఆచారముంది. పవిత్ర గురువారం సాయంత్రం పూజలో మహిమగీతం పాడేటప్పుడు గంటలన్నీ ఒక్కసారి మోగి మూగబోతాయి. ప్రభువు శ్రమలు పడి సమాధిలో ఉన్నన్నాళ్లూ ఇత్తడి నోరు విప్పకూడదు. మళ్లీ శనివారం రాత్రి, ప్రభువు తిరిగి లేచిన పండగకు చేసే పాస్కా జాగరణలో మహిమగీతం ఎత్తుకున్నప్పుడే మోగాలి. ఈ మధ్యలో ఊరిని గుడికి పిలవడానికీ, సిలువ మార్గం నడిపించడానికీ నేనే దిక్కు. మిగతా ఏడాదంతా బీరువాలో, క్రిస్మస్ పశువులపాక బొమ్మల పక్కన పడుకుంటాను. అక్కడ మెడ విరిగిన ఒంటె ఒకటుంది. ఏటా అతికిస్తారు, ఏటా విరుగుతుంది. ఆ పండగకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో మా ఊరి మగవాళ్లు కల్లు ముట్టమని పెట్టుకునే ఒట్టు కూడా అలాంటిదే.

జోజప్ప తర్వాత నేను అతని కూతురు ఇన్నాసమ్మ చేతికొచ్చాను. ఆమె భర్త బాలశౌరి గుడి గంట కొట్టేవాడు. సంబరానికి మొగుడు, శోకానికి పెళ్లాం. ఇక ఆ ఇంట్లో పోట్లాటకు కొదవేముంటుంది?

"నీ బాబు చేసిన చెక్కముక్కది మూడు రోజుల ముచ్చటేనే. నా గంటకి ఏడాదంతా పండగే" అని రెచ్చగొట్టేవాడు బాలశౌరి.

"సంబరం ఎవడైనా మోగిస్తాడయ్యో. ఏడుపు మోగించేవాళ్లేరీ?" అని ఆమె అక్కడికక్కడే అప్పజెప్పేది.

అతనికి గంటంటే పిచ్చి. పెళ్లికి కొట్టేవాడు, క్రిస్మస్‌కి ఒళ్లు మరిచి కొట్టేవాడు. ఊళ్లో ఎవరు పోయినా చావుగంట కూడా అతనే కొట్టేవాడు. పేదా గొప్పా చూడకుండా అందరికీ ఒక్కలాగే కొట్టేవాడు. నలుగురిలో కూర్చున్నప్పుడల్లా ఒక మాట అనేవాడు. "నేను పోయిననాడు మాత్రం నా గంట పొలిమేర దాకా వినపడాల. ఎవడన్నా పిసినారిగా కొట్టాడో, పెట్టెలోంచి లేచొచ్చి నేనే కొట్టుకుంటా!" అందరూ నవ్వేవారు. కానీ అది అతని ప్రాణమంత కోరిక అని ఇన్నాసమ్మకు తెలుసు.

ఆ సంవత్సరం గురువారం పూజలో అతను గంట కొట్టి, ఎప్పటిలాగే తాడు పైకి చుట్టేసి ఇంటికెళ్లాడు. గుండెలో మంటగా ఉందన్నాడు. శుక్రవారం తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. ఏప్రిల్ ఎండలు. శవాన్ని ఆదివారం దాకా ఉంచే వీలు లేదు. ఊరిపెద్ద మర్రెడ్డి కండువా దులిపి లేచాడు. "అందరికీ గంట కొట్టినోణ్ణి గంట లేకుండా సాగనంపుతామా? ఆచారం మనం పెట్టుకున్నదే గదా, ఒక్క పూట పక్కన పెడితే ఏం మునిగిపోద్ది?" అన్నాడు. పది గొంతులు అవునన్నాయి. మా విచారణకు, అంటే మా గుడి కిందున్న ఊళ్లకు, కొత్తగా వచ్చిన ఫాదర్ దేవదానంగారు కుర్రవాడు, మెత్తనివాడు. ఒకవైపు ఆచారం, మరోవైపు శవం ముందు ఆడమనిషి. చివరికి ఆమె ముందు చాప మీదే కూర్చున్నాడు.

"అమ్మా, ఇవాళ గంట ముట్టకూడదు, నిజమే. కానీ మీరొక్క మాట అడిగితే నేను కాదనలేను. ప్రభువు అర్థం చేసుకుంటాడు."

సిలువ మార్గానికి సిద్ధంగా ఉండాలని ఇన్నాసమ్మ నన్ను గురువారమే ఇంటికి తెచ్చుకుంది. గూట్లోంచి అంతా వింటున్నాను. ఆమె అడుగుతుందనే అనుకున్నాను. భర్త కోరిక తీర్చడం ఆమె నోటి మాట మీద ఉంది. ఎవరడగరు?

ఇన్నాసమ్మ భర్త ముఖం వంక చూసింది.

"యేసయ్య పోయిన రోజున ఆయనకే కొట్టని గంట, నా మొగుడికి కొట్టమని ఏ మొగం పెట్టుకుని అడగను ఫాదర్?" అంది. "ఈ మూడు రోజులూ ఆ తాడు ఎవర్నీ ముట్టనీకుండా ఇన్నేళ్లు కాపలా కాసింది ఈయనే. పోయిన పూటే ఈయన మాట నన్ను తప్పమంటారా?"

"మరి ఆడి కోరిక సంగతేంది అమ్మాయ్?" అన్నాడు మర్రెడ్డి.

"అది ప్రభువు చూసుకుంటాళ్లే మామా." లేచి గూట్లోంచి నన్ను తీసుకుంది. 

సాయంత్రం గుళ్లో సిలువ ఆరాధన అయ్యాక, ప్రభువు స్వరూపం ఊరేగింపు ముగిశాక, బాలశౌరిని సాగనంపారు. మా వాళ్లు ప్రభువు చూపిన సిలువ మోయమంటే ముఖం చాటేస్తారు గానీ, స్వరూపం పల్లకి మోయడానికి మాత్రం భుజాలు తోసుకుంటారు. ఆ రోజు బాలశౌరి పెట్టె దగ్గర ఎవరూ తోసుకోలేదు. శవం ముందు ఆడమనిషి నడవడమేమిటని ఒకరిద్దరు గొణిగారు. ఇన్నాసమ్మ వినిపించుకోలేదు. మిరప కల్లాల పక్కగా సమాధుల తోట దాకా నన్ను మోగిస్తూ ముందు నడిచింది. ఇన్నేళ్లుగా ప్రభువు ముందు నడిచిన చప్పుడుతోనే ఆ మనిషినీ నడిపించాను. నా జన్మలో అంతకంటే గొప్ప పని చేయలేదు. చేసినందుకు గర్వపడుతున్నాను కూడా.

ఆమె కంట చుక్క రాలలేదు. మట్టి వేసేటప్పుడూ రాలేదు. "ఏం మనిషమ్మా, గుండె రాయి చేసుకుంది" అని ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు.

శనివారం పాస్కా జాగరణకు జనాన్ని పిలవడానికి ఆమె మళ్లీ నన్ను పట్టుకుని వీధులన్నీ తిరిగింది. గుడికొచ్చాక గంటగోపురం కింద ఉన్న ఇరుకు గది ముందు, గుళ్లో జపాలు నేర్పే ఉపదేశిగారు నిలబడి ఉన్నారు. బాలశౌరి లేడు కనుక గంట తాను కొట్టాలనుకున్నారు. ఇన్నాసమ్మ నన్ను నడుముకు దోపుకుని, "జరగండి అన్నా" అంది. లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

గుళ్లో కొవ్వొత్తులన్నీ వెలిగాయి. ఫాదర్‌గారు మహిమగీతం ఎత్తుకున్నారు. జనం అందుకున్నారు. ఇన్నాసమ్మ తాడు పట్టి బలమంతా పెట్టి లాగింది. గోపురం అదిరింది. ఆ మోత మేమున్న ఆ ఇరుకు గదిని నింపేసి పొలిమేర దాటిపోయింది. పాట అయిపోయినా ఆమె ఆపలేదు. ఫాదర్‌గారు బలిపీఠం దగ్గర చేతులు జోడించుకుని నిలబడ్డారే గానీ, ఆపమని ఎవరినీ పంపలేదు.

గంట మోగినంతసేపూ ఆమె గొంతెత్తి ఏడ్చింది. పేరు పెట్టి పిలిచి మరీ ఏడ్చింది. ఆమె నడుముకు ఆనుకుని ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

పూజయ్యాక జనం ఒకరినొకరు కౌగిలించుకుంటూ, ఈ ఏడు గంట ఎంత సంతోషంగా మోగిందో అని చెప్పుకున్నారు.