మేకకు లేని ఎముక

చందన అనాటమీ వైవా తప్పింది. చేతిలో పెట్టిన ఎముక కుడిదో ఎడమదో చెప్పలేకపోయింది. నరసరావుపేటలో ఆమె చదివే నర్సింగు కాలేజీలో ఉన్నది ఒకటే ఎముకల సెట్టు. వారానికొకసారి బీరువాలోంచి బయటికొస్తే అరవై మంది చేతులు మారాలి. ఈసారీ తప్పితే జూనియర్లతో మళ్లీ మొదటి ఏడాదే.

సెలవులకు సొంతూరు వెల్దుర్తి వచ్చి, మాంసం కొట్టు అలీ సాహెబు ముందు నిలబడింది.

"మామా, మేక ముందుకాలు నరక్కుండా ఇయ్యవా."

"కూరకు కాదా?"

"చదువుకి. ఉడకబెట్టి బొమికలు దాచుకుంటా."

"ముప్పై ఏళ్ల నుంచి కొడుతున్నా, నాకెవుడూ సర్టిఫికెట్టు ఇయ్యలా," అన్నాడాయన. అని ఇచ్చాడు. రెక్క ఎముకను కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి ఏ వైపుదో చెప్పడం కూడా నేర్పాడు. ఇరవై రోజులు చందనకు అదే పని. మేకలో దొరకని ఎముక వచ్చిన పేజీనల్లా దాటేసింది.

పరీక్షనాడు ధనలక్ష్మి మేడం పళ్లెంలోంచి సన్నగా, వంకర తిరిగిన ఎముక తీసి ఇచ్చి, ఏ వైపుదో చెప్పమంది. చందన దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"పేరన్నా తెలుసా?"

"కాలర్ బోన్, మేడం. మేక ముందుకాలు చూసి చదివా. మేకకు ఇది ఉండదు."

"మేక సంగతి ఎవరడిగారు? నీకుందా?"

చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. నాన్నకు నడుం పట్టినప్పుడు మిరపచేలో మందు ట్యాంకు తనే మోసింది. పట్టీ ఒరుసుకుని మంటపుట్టిన చోటు అదే. గొంతు గుంట దగ్గర్నుంచి వేలితో తడుముకుంటూ పోయింది. మొదట్లో గుండ్రంగా, ముందుకు ఉబ్బి ఉంది. భుజం కొసన పలకగా ఉంది. పైన నున్నగా తగిలింది.

చేతిలోదాన్ని అలాగే తిప్పి ఎడమ వైపు ఆనించింది. ఎముకకు ఒక పక్కనున్న గరుకు పైకొచ్చింది. కుడి వైపుకు మార్చింది. గరుకు కిందికి దిగి, ఎముక ఒదిగి కూర్చుంది.

"కుడిది, మేడం."

మేడం చాలాసేపు కాగితం మీద రాసింది. "పాసయ్యావు, పో. కాళ్లవి కూడా చదువు. నీ పేషెంట్లకు నాలుగూ ముందుకాళ్లే ఉండవు."

బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. క్యాంటీనుకు పోయి రెండు ప్లేట్లు పునుగులు చెప్పింది.

"రెండోది ఎవరికమ్మా?"

"రెండూ నాకే, బాబాయ్. చట్నీ కాస్త ఎక్కువెయ్."